మూడేళ్లకూ యాభై ఏళ్లకూ నడుమ

జపాన్‌లో ఒకరు వాడిన స్పోర్ట్స్ కారును మన దేశానికి తెప్పించుకోవచ్చా అని అడిగే కుర్రాళ్లు గిద్దలూరులో, మార్కాపురంలో తక్కువేమీ లేరు. "అన్నా, సుప్రా ఒకటి తెప్పించుకోవాలంటే ఎంత పడుద్ది?" అంటారు. ధర సంగతి తర్వాత. ముందు చూడాల్సింది కారు వయసు. విదేశంలో వాడిన కారు మన రేవులో దిగాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, లేదా యాభై ఏళ్లు దాటి ఉండాలి. ఆ నడుమ వయసు కార్లకు మామూలు దారి లేదు. కుర్రాళ్లు ఫోన్లలో బొమ్మ పెట్టుకునే కార్లు దాదాపు అన్నీ సరిగ్గా ఆ నడుమనే ఉన్నాయి.

ఒక్కసారి లెక్క చూడండి. టొయోటా సుప్రాలో అందరికీ తెలిసిన నాలుగో తరం 1993 నుంచి 2002 దాకా తయారైంది. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 1999 జనవరిలో వచ్చి 2002లో ఆగింది. మాజ్దా ఆర్‌ఎక్స్-7 చివరి తరం 1991లో మొదలై అదే 2002లో ముగిసింది. హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ 1990లో వచ్చింది. జపాన్ కంపెనీలన్నీ ఏ కారుకూ 280 హార్స్‌పవర్‌కు మించి ప్రకటించకూడదని తమలో తాము ఒక మాట అనుకున్న కాలం అది. ఆ మాట 2004 దాకా నిలిచింది. కాగితం మీద శక్తి పెంచే వీల్లేకపోయేసరికి ఇంజనీర్లు టర్బోల మీద, నాలుగు చక్రాల పట్టు మీద, ఇంజన్ గట్టిదనం మీద పోటీ పడ్డారు. పాతికేళ్లు దాటినా ఆ కార్ల మీద మోజు తగ్గకపోవడానికి ముఖ్య కారణం ఇదే. 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా, 2003లో వచ్చిన 'నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్' ఆట ఆ పేర్లను మన ఊళ్ల ఇంటర్నెట్ సెంటర్ల దాకా మోసుకొచ్చాయి.

పైగా జపాన్ కూడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడిచే దేశం, స్టీరింగ్ కుడి చేతి వైపు. మార్చాల్సింది ఏమీ లేదు. అందుకే ఆశ ఇంకా పెరుగుతుంది.

ఇక నిబంధన సంగతి. 2001 ఏప్రిల్‌కు ముందు వాడిన కార్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి. ఆ ఏడాది మన దేశం దిగుమతుల మీద మిగిలి ఉన్న పరిమాణ ఆంక్షలు ఎత్తేసినప్పుడు వాడిన కార్లకూ తలుపు తీయాల్సొచ్చింది. ఒక చేత్తో తలుపు తీసి, రెండో చేత్తో షరతులు పెట్టారు. సుంకాలన్నీ కలిపి అప్పట్లోనే 180 శాతం దాకా పోయాయి. షరతులు విదేశీ వాణిజ్య వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ డీజీఎఫ్‌టీ విధానంలో 87వ అధ్యాయం కింద ఇప్పటికీ ఉన్నాయి. కారు తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడి వైపు ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపించాలి, హెడ్‌లైట్ల వెలుగు ఎడమ పక్కన నడిచే రోడ్డుకు తగ్గట్టు పడాలి. దిగుమతైన రోజు నుంచి ఇంకో అయిదేళ్లు రోడ్డు మీద తిరిగే సత్తా ఉండాలి, ఆ అయిదేళ్లూ దేశంలోనే సర్వీసు దొరుకుతుందని హామీ ఇవ్వాలి. ఓడ ఎక్కించే ముందు గుర్తింపు ఉన్న సంస్థ తనిఖీ పత్రం కావాలి. దిగేది ఒక్క ముంబై రేవులోనే. అక్కడి నుంచి పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థకు పంపి, మన మోటారు వాహనాల నియమాలకు సరిపోయిందని పత్రం తెచ్చుకోవాలి.

వీటిలో చాలావరకు చదవగానే న్యాయంగానే తోస్తాయి. పీటముడి రెండు చోట్ల పడుతుంది. మొదటిది ఆ సర్వీసు హామీ. టొయోటా, హోండా, నిస్సాన్ ఇక్కడ ఉన్నాయి. మాజ్దా, సుబారు తమ కార్లను మన దేశంలో తమ పేరుతో ఏనాడూ అమ్మలేదు. కాబట్టి మాజ్దా రోడ్‌స్టర్ లాంటి చక్కటి చిన్న కారు ఏడాదిదే దొరికినా, దానికి అయిదేళ్ల సర్వీసు ఎవరు చూస్తారో కాగితం మీద చూపించడం ఒంటరి మనిషికి కష్టం.

రెండోది మూడేళ్ల గీత. జపాన్‌లో 'షాకెన్' అనే తప్పనిసరి తనిఖీ ఉంది. కొత్త కారుకు మొదటి షాకెన్ మూడేళ్లకు వస్తుంది, ఆ తర్వాత రెండేళ్లకొకసారి. తనిఖీ ఖర్చు పెట్టేకంటే కారే మార్చేద్దామని అనుకునేవాళ్లు అక్కడ ఎక్కువ. అందుకే ఆ గడువు దగ్గరపడే వేళకు బోలెడు కార్లు వేలానికి వస్తాయి. వాళ్లు అమ్మే వేళకు మన గీత దాటిపోతుంది. వేలంలో గెలిచాక ఎగుమతి కాగితాలకు, ఓడకు, సముద్ర ప్రయాణానికి వారాలు పడుతుంది. అంటే మనం వెతకాల్సింది రెండున్నరేళ్ల లోపు కారు. అంత చిన్న వయసు కారును అమ్మేవాడు కొత్తదానికి దగ్గర ధరే అడుగుతాడు. పాత కారు కొంటే కలిసొస్తుందన్న లెక్క అక్కడే చెడిపోతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది. జపాన్ రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండేది మొదటిసారి రిజిస్టరైన నెల. తయారైన నెల అందులో ఉండదు. మన నిబంధన మూడేళ్లను లెక్కించేది తయారీ నుంచి. షోరూములో అయిదు నెలలు నిలబడిన కారైతే కాగితం ప్రకారం రెండేళ్ల ఎనిమిది నెలలు, మన కస్టమ్స్ లెక్కలో మూడేళ్ల పైమాట. ఛాసిస్ నంబరు ఇచ్చి తయారీ నెల రాతపూర్వకంగా రాబట్టాలి. సీటు బెల్టు అడుగున కుట్టిన చీటీ మీద కూడా తేదీ ఉంటుంది, దాని ఫొటో అడిగితే ఏజెంటు పంపుతాడు. బెల్టు ఎటూ కారు కంటే ముందే తయారవుతుంది కాబట్టి అది అనుమానం తీర్చడానికే తప్ప రుజువు కాదు.

అక్కడ అమ్మకం చాలావరకు వేలంలోనే. వాటిలో పెద్దది యూఎస్‌ఎస్, 1980లో మొదలైంది. బయటివాళ్లకు నేరుగా ప్రవేశం లేదు, సభ్యత్వమున్న ఎగుమతిదారు ద్వారా పాట పాడాలి. కారుతోపాటు వచ్చే ఒక్క కాగితం, వేలం షీటు, చదవడం వస్తే సగం పని అయినట్టే. పైన మూలలో గ్రేడు ఉంటుంది. ఎస్ అంటే దాదాపు కొత్తది. 4.5, 4 బాగున్నవి. 3.5 అంటే చూసి కొనాలి. ఆర్ లేదా ఆర్‌ఏ అని ఉంటే గుద్దుకుని, ఫ్రేము దాకా రిపేరైన చరిత్ర ఉందని. పక్కన లోపలి భాగానికి ఏ నుంచి డి దాకా అక్షరం. కింద కారు బొమ్మ మీద చిన్న చిన్న గుర్తులు: ఏ1 అంటే గోరుతో గీసినంత గీత, యు అంటే సొట్ట, డబ్ల్యూ అంటే రంగు వేసిన చోట అల, ఎస్ అంటే తుప్పు, ఎక్స్‌ఎక్స్ అంటే ఆ ముక్కే మార్చేశారని. బానెట్ మీద ఎక్స్‌ఎక్స్, రెండు ముందు ఫెండర్ల మీద డబ్ల్యూ2 కనిపిస్తే, గ్రేడు ఎంత చెప్పినా ఆ కారు ముందు భాగం ఒకసారి దెబ్బ తిన్నదే. నా దృష్టిలో ఈ షీటు మన సెకండ్ హ్యాండ్ బజారుకు రావాల్సిన గొప్ప ఆచారం. కొనేవాడి తరఫున కాకుండా, అమ్మేవాడి తరఫున కాకుండా వేలం సంస్థ మనిషి రాసే కాగితం అది.

ఇప్పుడు డబ్బు. ఓడ ఖర్చు, బీమా కలిపి ముంబై చేరేసరికి కారు విలువ 20 లక్షల రూపాయలని అనుకుందాం. రెండేళ్ల టొయోటా జీఆర్86 లాంటి కారుకు ఇది అసాధ్యమైన అంకె కాదు. వాడిన కార్ల మీద కస్టమ్స్ భారం 137.5 శాతం. 2025 బడ్జెట్‌లో మూల సుంకాన్ని 125 నుంచి 70 శాతానికి దించారని వార్తలొచ్చినప్పుడు చాలామంది సంబరపడ్డారు. అదే చేత్తో 67.5 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు వేశారు, మొత్తం మారలేదు. ఆ లెక్కన 27 లక్షల 50 వేలు. అప్పటికి 47 లక్షల 50 వేలు. దాని మీద, అంటే సుంకం కలిపిన మొత్తం మీద, జీఎస్‌టీ 40 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 1200 సీసీ దాటిన పెట్రోలు కార్లన్నిటికీ ఇదే రేటు. ఇంకో 19 లక్షలు. వెరసి 66 లక్షల 50 వేలు. పరీక్షల ఖర్చు, క్లియరింగ్ ఏజెంటు, ముంబై నుంచి లారీ, ఆపైన ధరతోపాటు పెరిగే లైఫ్ టాక్సు ఇంకా వేరే. 20 లక్షల కారు మూడింతలు దాటింది.

ఇన్‌వాయిసులో తక్కువ రాయించుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వాడిన కారుకు కస్టమ్స్ వాళ్లు కొన్న ధర మీదనే ఆధారపడరు. ఆ మోడల్ కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుని, వయసును బట్టి తరుగు తీసి విలువ కడతారు. 2025 మేలో హైదరాబాద్ కార్ల వ్యాపారి ఒకరిని రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్‌ఐ అరెస్టు చేసింది ఈ వ్యవహారం మీదే. అమెరికాలో, జపాన్‌లో కొన్న ఖరీదైన కార్లను దుబాయ్, శ్రీలంకల మీదుగా తిప్పి, విలువ తగ్గించి చూపి దాదాపు 25 కోట్ల సుంకం ఎగ్గొట్టారన్నది అభియోగం. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో 'ఆపరేషన్ నుంఖోర్' పేరుతో కస్టమ్స్ దాడులు జరిగాయి. భూటాన్ నుంచి తెచ్చిన పాత కార్లను దొంగ కాగితాలతో ఇక్కడ రిజిస్టరు చేసి అమ్మారన్న ఆరోపణ మీద సినిమా నటుల ఇళ్లలోనూ సోదాలు చేశారు.

ఈ రెండు కేసులూ మనకు దూరపు సంగతులని అనుకోకూడదు. ఇలాంటి కార్లు రెండు మూడు చేతులు మారి, ఇంకో రాష్ట్రం ఎన్‌ఓసీతో, నమ్మబలికే ధరకు చిన్న ఊళ్లకే వస్తాయి. సుంకం కట్టని సరుకు ఎవరి చేతిలో ఉన్నా 1962 నాటి కస్టమ్స్ చట్టం దాన్ని జప్తు చేయగలదు. అమ్మినవాడు తప్పుకుంటాడు, మిరప మీదో పొగాకు మీదో వచ్చిన డబ్బు పెట్టి కొన్నవాడు ఇరుక్కుంటాడు. ఎవరైనా "ఇంపోర్టెడ్ కారు, తక్కువలో ఇస్తా" అంటే అడగాల్సిన కాగితం ఒక్కటే: బిల్ ఆఫ్ ఎంట్రీ. దాని నంబరు, తేదీ, రేవు పేరు కస్టమ్స్ వారి ఐస్‌గేట్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. అందులోని ఛాసిస్ నంబరు, కారు మీద కొట్టిన నంబరు, ఆర్‌సీలోని నంబరు మూడూ ఒకటేనా అన్నది ఎండలో నిలబడి కళ్లతో చూడాలి. ఆ కాగితం ఇవ్వడానికి సాకులు చెప్పేవాడితో బేరం అక్కడితో ఆపేయడం మేలు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల పరిస్థితి వేరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసే గిద్దలూరు కుర్రాడు ఆర్34ను చట్టప్రకారం తెప్పించుకోవచ్చు. అమెరికాలో 1988 నాటి చట్టం విదేశీ కార్లను గట్టిగా అడ్డుకుంటుంది గానీ, తయారై పాతికేళ్లు నిండిన కారుకు భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఇస్తుంది. 1999 జనవరిలో తయారైన మొదటి ఆర్34లు 2024 జనవరిలో ఆ గీత దాటాయి. కాలిఫోర్నియా ఒక్కటి పొగ పరీక్షల దగ్గర ఇంకా గట్టిగా ఉంటుంది. కెనడాలో పదిహేనేళ్లు చాలు. ఆస్ట్రేలియా 2021 జులై నుంచి పాతికేళ్ల పద్ధతికి వచ్చింది. అక్కడా స్టీరింగ్ కుడి వైపే కాబట్టి మెల్‌బోర్న్‌లోని తెలుగువాడికి పని మరీ సులువు. కెన్యాలో ఎనిమిదేళ్ల లోపు కార్లే రానిస్తారు. శ్రీలంక 2020లో కార్ల దిగుమతి పూర్తిగా ఆపి, 2025 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచింది.

అక్కడ కొన్న కారును వెంట తెచ్చుకోవచ్చు కదా అంటారు. రెండేళ్లకు పైగా ఉండి శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకు కారు తెచ్చుకునే ఏర్పాటు వేరుగా ఉంది. ఇంటి సామాన్ల మీద దొరికే సుంకం రాయితీ మాత్రం కారుకు లేదు. 'కార్నె' అనే అంతర్జాతీయ పత్రం మీద సుంకం కట్టకుండా తేవచ్చు, కానీ అది యాత్రికుల కోసం. ఆరు నెలల్లో కారు దేశం దాటిపోవాలి. దాని మీద తెచ్చిన కారును ఇక్కడ అమ్మడం నేరం.

యాభై ఏళ్ల వైపుకు వద్దాం. చాలాకాలం పాటు 1950కి ముందు తయారైన కార్లనే వింటేజ్‌గా దిగుమతి చేసుకోనిచ్చేవారు. జపాన్ స్పోర్ట్స్ కార్లకు పేరొచ్చిందే 1960లలో కాబట్టి ఆ నియమం వల్ల మనకు ఒరిగిందేమీ లేదు. 2025లో దాన్ని మార్చారు. ఇప్పుడు తయారై యాభై ఏళ్లు నిండినది ఏదైనా సరే, ఏటా ఆ గీత ముందుకు జరుగుతుంది. రోడ్డు వైపున 2021లోనే కేంద్రం వింటేజ్ వాహనాలకు 'వీఏ' అక్షరాలతో వేరే నంబర్లు, 20 వేల రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు పెట్టింది. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి మాత్రమే బయటికి తీయాలి. ఈ దారిలో 1969లో పుట్టిన మొదటి స్కైలైన్ జీటీ-ఆర్, అదే ఏడాది వచ్చిన డాట్సన్ 240జెడ్, 1967 నాటి టొయోటా 2000జీటీ చట్టం కంటికి ఆనతాయి. వీటిలో మామూలు సంపన్నుడు కలగనగలిగేది 240జెడ్ ఒక్కటే. మిగతా రెండూ కోట్ల సరుకు.

ఈ గోడ ఎందుకు కట్టారన్నది అర్థం చేసుకోకుండా తిట్టడం సరికాదు. అది తెలియాలంటే మన పక్క ఊరి పేరున్న ఒక ఇంజనీరును తలుచుకోవాలి. బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకుల ఊరు. ఆయన ఇంటిపేరే ఆ ఊరు. ఆనకట్టల ఇంజనీరుగానే మనకు తెలుసు గానీ, 1898లో ఆయన జపాన్ వెళ్లి మూడు నెలలుండి అక్కడి చదువులు, పరిశ్రమలు చూసొచ్చారు. 1930లలో, డెబ్బై దాటిన వయసులో, మన దేశంలోనే కార్లు తయారు కావాలని పథకం రాసి, యూరప్, అమెరికా తిరిగి ఫ్యాక్టరీలు చూశారు. ఆ ప్రయత్నం నుంచే వాల్‌చంద్ హీరాచంద్ చేతుల మీదుగా 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వెలిసింది. కార్లు కొనుక్కునే దేశం కాదు, చేసుకునే దేశం కావాలన్నది ఆయన తపన. పెనుకొండ కియా, శ్రీసిటీ ఇసుజు ఫ్యాక్టరీల్లో మన పిల్లలు పనిచేస్తున్నారంటే దాని వెనక ఇలాంటి ఆలోచన ఉంది. పాత కార్లకు గేట్లు ఎత్తేస్తే జపాన్‌లో పదేళ్లు తిరిగిన చవక కార్లు లక్షల్లో వచ్చి పడతాయి, ఆ ఫ్యాక్టరీల మీదే దెబ్బ పడుతుంది. మూడేళ్ల గీతకు ఉన్న ఆ కారణాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కానీ ఆ కారణం పాతికేళ్ల స్పోర్ట్స్ కారుకు వర్తించదు. పెనుకొండలో తయారైన సెల్టోస్ కొనాలనుకున్న కుటుంబం దాన్ని మానుకుని ఆర్34 కొనదు.

గిద్దలూరులో ఉన్నవాడికి ఈరోజు చేతికందే మార్గం ఇక్కడే అధికారికంగా అమ్మిన జపాన్ కార్లు. హిందుస్థాన్ మోటార్స్ 2010లో మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ పదో తరాన్ని అమ్మింది. అదే ఏడాది నిస్సాన్ 370జెడ్ వచ్చింది. 2016 చివర్లో జీటీ-ఆర్ దాదాపు రెండు కోట్లకు వచ్చింది. ఇవి అరుదు, ఖరీదు కూడా. అందరికీ అందేది 2000 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్. 106 హార్స్‌పవర్, టన్ను బరువు దరిదాపుల్లో ఒళ్లు. నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లో దిగువమెట్ట మలుపుల దగ్గర రెండో గేరులో 5 వేల ఆర్‌పీఎం దాటాక ఆ ఇంజన్ గొంతు మారడం విన్నవాడికి జపాన్ ఇంజనీర్ల పనితనం ఏమిటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ ఘాట్ అభయారణ్యం దారి, లారీల దారి. పరుగు పందేలకు మద్రాసు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఉంది.

పాత కారులో జపాన్ ఇంజన్ దింపించుకుందామనేవాళ్లు ఒక తీర్పు గుర్తుంచుకోవాలి. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. వాడిన విడిభాగాల దిగుమతికీ అనుమతి కావాలి. పైగా దేశమంతా 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చేసింది. 1990ల జపాన్ ఇంజన్ల రబ్బరు పైపులు, సీళ్లు దానికోసం చేసినవి కావు. కంభం దాకా పోయినా, ఒంగోలు దాకా పోయినా బంకులో దొరికేది అదే.

ఈ దారులన్నీ ఇరుకే. అందుకే ఒక చిన్న కిటికీ తెరవమని అడగాలి. పాతికేళ్లు నిండిన కార్లకు, ముంబై రేవు ఒక్కచోటే, ఏడాదికి ఇన్నే అని పరిమితి పెట్టి, వింటేజ్ కార్లలాగే వేరే నంబరు ఇచ్చి, రోజువారీ తిరక్కుండా, పదేళ్ల దాకా అమ్మకుండా. సుంకం కూడా ఇప్పుడున్నంతే ఉంచనీ, కట్టేవాళ్లు కడతారు. కొత్త కార్లకు 2018లో ఏడాదికి 2,500 వాహనాల దాకా మన దగ్గర మళ్లీ పరీక్షలు లేకుండా రానిచ్చే ఏర్పాటు చేశారు కాబట్టి, లెక్క కట్టి తలుపు తీయడం మన అధికారులకు కొత్త కాదు. యాభై ఏళ్ల గీతే నిలిస్తే మొదటి ఆర్34 ముంబైలో దిగేది 2049లో. ఇవాళ ఇరవై ఏళ్లున్న కుర్రాడికి అప్పటికి నలభై దాటుతుంది. అదే పాతికేళ్ల గీత పెడితే ఆ కార్లు ఇప్పటికే అర్హత సాధించి జపాన్ వేలాల్లో ఉన్నాయి, ఏటా కొన్ని అమెరికాకో ఆస్ట్రేలియాకో ఓడ ఎక్కిపోతున్నాయి.